లుక్ ఇంటూ

బడిల ఇంటూ అంటే గుణకారం.
తప్పు లెక్క మీద సారు ఎర్రపెన్నుతోని గీకే గుర్తు గూడ ఇంటూనే.
బహ్రెయిన్ల, సల్మాబాద్ క్యాంపుల, పదో నంబరు రూముల
స్టోర్‌కీపర్ సజీవన్ మూడో ఇంటూ నేర్పిండు నాకు.

అట్టపెట్టె చింపి, దాని మీద రాసి చూపిండు.
లుక్ అంటే చూసుడు.
లుక్ ఆఫ్టర్ అంటే అర్సుకునుడు.
లుక్ ఫర్ అంటే దేవులాడుడు.
లుక్ ఇంటూ అంటే,
ఆగిండు. మలయాళంల గొణిగిండు, హిందీల ఎతికిండు.
"లోపలికి చూసుడా?" అన్న.
"లోపలికే. కానీ కండ్లతోని గాదు" అన్నడు.

నాకు నవ్వచ్చింది.
ఏసీ పనోణ్ణి. పద్నాలుగేండ్ల నుంచి గదే పని నాది,
అదీ కండ్లతోనే.
నిచ్చెనెక్కి, సీలింగు పలక జరిపి,
టార్చి పండ్ల నడుమ కరుసుకొని
డక్టుల తలకాయ పెడితే
ముందుగాల కండ్లల్ల వడేది దుమ్ము.
ఎలుక పెంట, పావురం ఈకలు, ఎవడో మర్చిపోయిన స్క్రూడ్రైవరు,
ఒకపారి పసిపిల్ల సాక్సు ఒకటి, ఎట్లచ్చిందో.
చెడిపోయింది మాత్రం
ఎప్పుడూ అన్నిటికన్న ఎనుకనే ఉంటది.

మా దిక్కు దీనికి మాటలు లెవ్వా?
ఆరా తీసుడు. కూపీ లాగుడు.
ఒర్రె దాటేటోడు కట్టెతోని లోతు చూసినట్టు చూసుడు.
ఇంకోటి గూడ ఉన్నది,
పాసుబుక్కు కోసం మెట్‌పల్లి ఆఫీసుకు పోయినప్పుడల్లా
మా అన్న చెవుల వడ్డది:
"చూద్దాం తియ్."

లింబాద్రికి పదకొండు శుక్రవారాల ఓటీ రాలె.
మిషిన్ల వేలిముద్ర ఉన్నది, జీతం స్లిప్పుల పైస లేదు.
ఇంగ్లీషుల అర్జీ నేనే రాసిన,
ప్లీజ్ లుక్ ఇంటూ అని.
గా మాట కింద గీత గూడ గీసిన, స్కేలు వెట్టి.
తెల్లారే ఫోన్ల జవాబు:
వీ విల్ లుక్ ఇంటూ ఇట్.
లింబాద్రి సంబురపడ్డడు, రూమంతటికీ కీమా వండిండు.
నెల తర్వాత అడిగితే మళ్ల గదే.
మూడు నెలలు ఇంటూ మూడుసార్లు, తొమ్మిది.
అడగవోయినప్పుడు చూసిన,
మేనేజరు కండ్లల్ల ఒక్క నలుసు లేదు.

రంజాన్ ముందటి బుధవారం నా పేర టికెట్ వచ్చింది.
హెచ్‌ఆర్ రూము. ఏసీ కారుతున్నది. కైండ్లీ లుక్ ఇంటూ.
గా మాట నాకు రాసిండ్రు!

పోయిన. నిచ్చెనేసిన. పలక జరిపిన.
ట్రే నిండ బురద, పైపు మూతికి నాచు.
వేలు వెట్టి గుంజిన, గుటగుటమని దిగినయి నీళ్లు.
దిగేముందు కిందికి చూసిన.
బీరువా మీద కాయిదాల దొంతి,
పైనుంచి నాలుగోదో అయిదోదో, అంచు బయటికున్నది.
సొంత చేతిరాత గుర్తువట్టడానికి టార్చి ఎందుకు?
స్కేలు వెట్టి గీసిన గీత మీద
సుక్క సుక్క వడి
నీలం ఇంకు వాగోలె పారింది.

రిజిస్టర్ల రాసిన:
లుక్డ్ ఇంటూ. ఫౌండ్. క్లీన్డ్.
ఫౌండ్ సజీవన్ నేర్పలె,
ఎయిర్‌పోర్టుల, పోయిన సంచులు ఇచ్చే కిటికీ మీద చదివిన.
ఆయన సంతకం పెడుతుండంగ అడిగిన,
"సార్, లింబాద్రి పేపర్. లుక్డ్ ఇంటూ?"
ఆ డ్‌ను జర గట్టిగనే పలికిన.
పెన్ను ఆగింది.

రాత్రి నల్లా కాడ కండ్లు కడుక్కుంటున్న.
లింబాద్రి వచ్చి పక్కకు నిలవడ్డడు.
"ఏమన్నడు?"
"చూసిండు."
"కాయిదమా?"
"కాదు. నన్ను."

తువ్వాల అందిచ్చిండు.
గా చూపు మంచిదా చెడ్డదా అని అడగలె.
నాకు గూడ తెల్వదు.